తెర మీది పాఠానికి తరగతి గది ఫీజా?

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగం చేసుకుంటూనే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ ఎం.బి.ఏ. చేరాలనుకుంటోంది. అదే విశ్వవిద్యాలయంలో క్యాంపస్‌కు వెళ్లి చదివే ఎం.బి.ఏ. ఫీజుకూ దీనికీ చెప్పుకోదగిన తేడా కనిపించడం లేదు. అడిగితే, "సిలబస్ అదే, ప్రొఫెసర్లు వారే, పట్టా కూడా అదే, ఫీజు ఎందుకు తగ్గాలి?" అని ఎదురు ప్రశ్న వేశారు. వారి వాదనలో న్యాయముందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: పట్టా గురించి వారు చెప్పినది నిజమే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీ, క్యాంపస్ డిగ్రీతో సమానం. 2022 సెప్టెంబరులో యు.జి.సి. ఈ సంగతిని మరొకసారి స్పష్టం చేసింది కూడా. అయితే పట్టాకు సమాజంలో ఉన్న విలువ వేరు, ఆ చదువు చెప్పడానికి సంస్థకు అయ్యే ఖర్చు వేరు. మన దేశంలో ఫీజును నిర్ణయించవలసింది ఆ ఖర్చును బట్టే. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, ప్రైవేటు విద్యాసంస్థలు తమ విస్తరణకు అవసరమైన సముచితమైన మిగులును ఉంచుకోవచ్చు గాని విద్యను లాభాల వ్యాపారంగా నడపరాదని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు కళాశాలల ఎం.బి.బి.ఎస్. ఫీజును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచిన 2017 నాటి ఉత్తర్వు చెల్లదని 2022 నవంబరులో ఖరారు చేసినప్పుడూ సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని గుర్తు చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ఫీజులను నిర్ణయించే సంస్థలు చూసేది కళాశాల జమాఖర్చుల పద్దులనే తప్ప పట్టా మీద అచ్చయిన పేరును కాదు. కనుక "పట్టా ఒకటే, ఫీజూ ఒకటే" అన్న వాదన వినడానికి సూటిగా ఉన్నా ఈ సూత్రం ముందు నిలవదు.

అలాగని ఆన్‌లైన్ కోర్సుకు ఖర్చే ఉండదనుకోవడమూ సరికాదు. పాఠాలను మంచి నాణ్యతతో చిత్రీకరించడానికీ, సాఫ్ట్‌వేర్‌కూ, పరీక్షల్లో కాపీ జరగకుండా చూడడానికీ గణనీయంగానే ఖర్చవుతుంది. భవనాలు, హాస్టళ్లు, బస్సులు, కరెంటు వంటివాటి ఖర్చు ఆదా అవుతుంది గాని, నికార్సయిన విశ్వవిద్యాలయంలో అసలు పెద్ద పద్దు అధ్యాపకుల జీతాలే. అందుచేత నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఒక అధ్యాపకుడి సమయాన్ని ఎంతమంది విద్యార్థులు పంచుకుంటున్నారు? అరవై మందికి ఒక ప్రొఫెసర్ ప్రత్యక్షంగా పాఠం చెప్పి, చర్చ నడిపి, వారి అసైన్‌మెంట్లను తానే దిద్దుతుంటే, వారు తెర మీద కనిపించినా బెంచీల మీద కనిపించినా జీతం ఖర్చు ఒక్కటే. అటువంటి కోర్సుకు ట్యూషన్ ఫీజు దాదాపు సమానంగా అడిగితే నేను తప్పు పట్టను. ఒకసారి రికార్డు చేసిన పాఠాలనే ప్రతి బ్యాచిలోనూ వేలమందికి చూపిస్తుంటే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. పాఠం తయారీ ఖర్చు బ్యాచికి బ్యాచికీ తలకు తగ్గుతూ వస్తుంది, మిగిలేది సందేహాలు తీర్చడమూ జవాబుపత్రాలు దిద్దడమూ. "ప్రొఫెసర్లు వారే" అన్న మాటకు, వారు మీ అమ్మాయి పేరైనా తెలిసేంత దగ్గరగా ఉంటారా, లేక ఎప్పుడో చేసిన వీడియోలో మాత్రమే కనిపిస్తారా అని అడగడం తప్పేమీ కాదు.

ఫీజు సాంకేతికతను బట్టి కాక సంస్థ ఉద్దేశాన్ని బట్టి ఎలా మారుతుందో అమెరికాలోని రెండు ఉదాహరణలు బాగా చూపిస్తాయి. జార్జియా టెక్ విశ్వవిద్యాలయం 2014 జనవరిలో కంప్యూటర్ సైన్సులో ఆన్‌లైన్ మాస్టర్స్ కోర్సును మొదలుపెట్టినప్పుడు, మొత్తం కోర్సు ఫీజును ఏడు వేల డాలర్ల లోపే ఉంచింది. క్యాంపస్‌లో అదే డిగ్రీకి ఇతర రాష్ట్రాల, ఇతర దేశాల విద్యార్థులు దానికి ఎన్నో రెట్లు కట్టాలి. పాఠాలు రూపొందించినది అక్కడి ప్రొఫెసర్లే, పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట కూడా ఉండదు. పాఠాలు రికార్డు చేసి, దిద్దే పనికీ సందేహాలు తీర్చే పనికీ పెద్ద సంఖ్యలో సహాయకులను పెట్టుకున్నారు. చేరేవారు పదివేలు దాటినా కోర్సు నిలబడింది. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా దీనికి నేరుగా వ్యతిరేక దిశలో వెళ్లింది. అక్కడి ఆన్‌లైన్ సోషల్ వర్క్ మాస్టర్స్ కోర్సుకు క్యాంపస్ కోర్సుతో సమానంగా వసూలు చేశారు, మొత్తం లక్ష డాలర్లు దాటేది. ఆ కోర్సును నడపడంలోనూ విద్యార్థులను చేర్పించడంలోనూ భాగస్వామి అయిన 2యు అనే కంపెనీకి ఫీజు రాబడిలో సగానికి పైగా వెళ్లేది. సామాజిక సేవకుల జీతాలతో తీరని అప్పులు విద్యార్థుల మీద పడ్డాయి, కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. 2023లో విశ్వవిద్యాలయం ఆ కంపెనీతో ఒప్పందాలను చాలావరకు ముగించుకుంది, మరుసటి ఏడాది కంపెనీ దివాలా రక్షణ కోరింది. అంటే సమానమైన ఫీజు కట్టినవారి సొమ్ములో పెద్ద వాటా బోధనకు చేరనేలేదు. (అమెరికా విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సులను హైదరాబాదులోనే ఉండి చేయాలనుకునే కుటుంబాలు మరొకటి గమనించాలి. అక్కడికి వెళ్లి చదివితే చదువు తరువాత కొంతకాలం పనిచేసే అవకాశం విద్యార్థి వీసా ద్వారా దొరుకుతుంది. ఇక్కడినుంచి చదివినవారికి అది రాదు. ఆ అవకాశం లేని చదువుకు అదే ఫీజు కట్టడం నా దృష్టిలో శుద్ధ నష్టం.)

మీ అమ్మాయి విషయానికి వస్తే, వారానికి ఎన్ని గంటలు ప్రత్యక్ష తరగతులు, ఒక్కొక్క తరగతిలో ఎంతమంది, అసైన్‌మెంట్లు ఎవరు దిద్దుతారు అన్న మూడు సంగతులకు జవాబును రాతపూర్వకంగా అడగండి. ఫోనులో మాట్లాడే "కౌన్సెలర్" విశ్వవిద్యాలయ ఉద్యోగి అయ్యుండకపోవచ్చు, చేర్పించడానికి డబ్బు తీసుకునే సంస్థ మనిషి కూడా కావచ్చు కనుక నోటి మాట చాలదు. ఆ కోర్సుకు ఆ సంవత్సరానికి ఆన్‌లైన్ అనుమతి ఉన్నదీ లేనిదీ యు.జి.సి. దూరవిద్యా విభాగం వెబ్‌సైటులోని జాబితాలో చూసుకోవాలి. చేరేముందు విద్యార్థి ఆ విభాగం ఇచ్చే డి.ఇ.బి. గుర్తింపు సంఖ్యను కూడా తీసుకోవలసి ఉంటుంది. పాఠాల్లో ఎక్కువ భాగం రికార్డు చేసినవేనని తేలితే, క్యాంపస్ ఫీజులో సగం అడిగినా ఎక్కువేనని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో పూర్తి చేయమన్నారు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు, పరీక్ష రుసుము కూడా మమ్మల్నే కట్టమంటున్నారు. ఫీజు తగ్గించమని అడగవచ్చా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: స్వయం ద్వారా సబ్జెక్టులు చేయించడం నిబంధనలకు విరుద్ధం కాదు. 2021 నాటి యు.జి.సి. నిబంధనలు ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు ఇలా అనుమతిస్తున్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఆ పాఠాలు తయారైనది ప్రజాధనంతో, అవి ఎవరికైనా ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకున్నవారే పరీక్ష రుసుము కడతారు. మీ కళాశాల ఫీజును నిర్ణయించినప్పుడు లెక్కలోకి తీసుకున్నది, ఆ సబ్జెక్టులు కూడా తమ అధ్యాపకులే చెబుతారన్న ప్రాతిపదికను. ఇప్పుడు బోధన ఖర్చు కొంత ప్రభుత్వం మీదికీ, పరీక్ష ఖర్చు మీ మీదికీ వెళ్లింది, వసూలు మాత్రం మారలేదు.

చట్టపరంగా మీకు నేరుగా పనికివచ్చే తీర్పు నాకు కనిపించలేదు. దగ్గరగా వచ్చేది 2021 మే నెలలో రాజస్థాన్ ప్రైవేటు పాఠశాలల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చినది. కోవిడ్ ఏడాదిలో భవనాలు మూతబడి కరెంటు, నీరు, నిర్వహణ వంటి ఖర్చులు పాఠశాలలకు ఆదా అయ్యాయి గనుక, విద్యార్థులు వాడుకోని సౌకర్యాలకు బదులుగా ఆ ఏడాది ఫీజులో 15 శాతం తగ్గించాలని కోర్టు ఆదేశించింది. అది పాఠశాలలకూ ఆ ఒక్క విద్యాసంవత్సరానికీ పరిమితమైన ఆదేశమే అయినా, చేయని ఖర్చుకు వసూలు చేయరాదన్న తర్కం మీకూ వర్తిస్తుంది. అదే కాలంలో అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ట్యూషన్ ఫీజును 10 శాతం తగ్గించగా, హార్వర్డ్ ఏమాత్రం తగ్గించలేదు. సంపన్న సంస్థలు కూడా ఒకే తీరుగా ప్రవర్తించలేదన్నమాట.

క్యాంపస్ చదువుకని చేరినవారికి మధ్యలో ఆన్‌లైన్ పాఠం ఇవ్వడం, మొదటినుంచీ ఆన్‌లైన్ కోర్సునే ఎంచుకున్నవారికి ఇవ్వడం వేరువేరు సంగతులు. మొదటివారు సంస్థ ఇచ్చిన మాటను నమ్మి చేరారు. కనుక మీరు అడగడం సమంజసమే, కాని ఏమి అడగాలన్నది జాగ్రత్తగా ఎంచుకోండి. మీ అధ్యాపకులు ఇంకా జీతం తీసుకుంటున్నారు కనుక ట్యూషన్ ఫీజు తగ్గింపు దొరకడం కష్టం. స్వయం పరీక్ష రుసుమును కళాశాలే భరించాలని, ఆ సబ్జెక్టులకు మార్గదర్శకుడిగా ఒక అధ్యాపకుడిని కేటాయించి వారానికి కొన్ని గంటలు మీకు అందుబాటులో ఉంచాలని తరగతి మొత్తం కలిసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. మార్గదర్శకుడి ఏర్పాటు ఆ నిబంధనల్లో ఉన్నదే కనుక కాదనడానికి వారికి పెద్దగా ఆధారం ఉండదు.

ప్రశ్న: ఇంటర్ పూర్తయింది. ఇంటి పరిస్థితుల వల్ల ఊళ్లోనే ఉండి ఆన్‌లైన్ డిగ్రీ చేయాలనుకుంటున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?
– ఒక పాఠకురాలు, పాలకొండ

జవాబు: రాదు. ఆ పథకం కళాశాలకు వెళ్లి చదివే రెగ్యులర్ కోర్సులకే, హాజరు షరతుతో వర్తిస్తుంది, దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు అందులో లేవు. పేద విద్యార్థికి సంబంధించినంతవరకు ఆన్‌లైన్ కోర్సు కాగితం మీద చౌకగా ఉన్నా చేతినుంచి కట్టవలసి రావడంతో ఖరీదైపోయేది ఇక్కడే. ఈ నియమాన్ని ప్రభుత్వాలు మార్చవలసి ఉంది. ప్రస్తుతానికి మీకు రెండు మార్గాలు సూచిస్తాను. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా 1982లో హైదరాబాదులో ఏర్పడినదీ, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నదీ ఒకటి ఉంది, మీ ప్రాంతంలో దాని అధ్యయన కేంద్రం ఉందో లేదో, ఆంధ్రప్రదేశ్ వారికి ప్రవేశాలు జరుగుతున్నాయో లేదో ముందు కనుక్కోండి. గణితం మీద ఇష్టముంటే ఐ.ఐ.టి. మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీని చూడండి. దానికి జె.ఇ.ఇ. ర్యాంకు అక్కరలేదు, వారే నడిపే అర్హత పరీక్షలో నెగ్గితే చాలు. పాఠాలు ఇంట్లోనే చూసుకోవచ్చు గాని పరీక్షలను నిర్ణీత కేంద్రానికి వెళ్లి రాయాలి. కుటుంబ ఆదాయాన్నీ సామాజిక వర్గాన్నీ బట్టి ఫీజులో 75 శాతం వరకు మినహాయింపు ఇస్తారు కనుక, దరఖాస్తుకు ముందే ఆదాయ, కుల ధ్రువపత్రాలను సిద్ధం చేసుకోండి.