సంతకం చేసే ముందు నూలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

ప్రశ్న: హనుమకొండ సమీపంలో 32 కుట్టుమిషన్లతో మేము చిన్న యూనిట్ నడుపుతున్నాము. నూలు గుడ్డతో సంచులు కుట్టి జర్మనీలోని ఒక సంస్థకు ఎగుమతి చేస్తాము. గుడ్డను ఈరోడ్ వ్యాపారి దగ్గర, లోపల వేసే కాటన్ లైనింగును హైదరాబాద్‌లోని ఒక దిగుమతిదారు దగ్గర కొంటాము. లైనింగు చైనా సరుకని విన్నాను. ‘మా సరఫరా గొలుసులో ఎక్కడా నిర్బంధ శ్రమ లేదు’ అని సంతకం చేసి పంపాలంటూ కొనుగోలుదారు ఇప్పుడు ఒక కాగితం పంపారు. ఇంత చిన్న సంస్థ నడిపే మాకు పైవాళ్ల సంగతి తెలిసేదెలా? మా యూనిట్‌లో మాత్రం అటువంటిదేమీ లేదు. ఒడిశా నుంచి మేస్త్రీ తీసుకొచ్చిన 6 మందికి తలా 15,000 రూపాయల అడ్వాన్సు ఇచ్చాము. వారి ఆధార్ కార్డులు పోకుండా మా బీరువాలోనే భద్రపరిచాము. సంతకం చేయవచ్చునా? — ఒక పాఠకురాలు

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడున్న వాక్యం కింద సంతకం చేయవద్దు. మీకు తెలియని విషయానికి మీరు పూచీ పడినట్లవుతుంది; రేపు ఏదైనా బయటపడితే ఆ ఒక్క సంతకమే మీ మీదికి వస్తుంది. దానికి బదులు గుడ్డ ఎవరి దగ్గర కొన్నారో, అంతకు ముందు అంచె వరకు ఎంత తెలిసిందో, ఏది ఇంకా తెలియలేదో, దాన్ని ఏ నెలలోగా కనుక్కుంటారో రాసి పంపండి. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును తన మార్కెట్‌లో నిషేధిస్తూ ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టం 2027 డిసెంబర్ 14 నుంచి అమలులోకి వస్తుంది; సంస్థ పెద్దదా చిన్నదా అన్న తేడా ఆ నిషేధానికి లేదు. కాబట్టి మీ కొనుగోలుదారుకు కూడా వట్టి హామీ కంటే నిజమైన వివరమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

నిర్బంధ శ్రమ అనగానే మనకు దొరల గడీలలో వెట్టి గుర్తుకు వస్తుంది. నేటి నిర్బంధం పైకి మామూలు ఉద్యోగంలాగానే కనిపిస్తుంది: హాజరు పట్టీ, జీతం చీటీ అన్నీ ఉంటాయి. శిక్ష పడుతుందన్న బెదిరింపుతో, మనిషి తనంతట తాను ఒప్పుకోకుండా చేయించే పని ఏదైనా నిర్బంధ శ్రమేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లోనే నిర్వచించింది. మన సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, 1982లో ఇచ్చిన తీర్పులో, ఆకలి కూడా బలవంతమేననీ, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమేననీ స్పష్టంగా చెప్పింది.

మీ విషయంలో ముందుగా చూడవలసింది నూలు. ఈరోడ్ మగ్గాలకు వచ్చే నూలులో చాలా భాగం కోయంబత్తూరు, దిండిగల్ వైపు స్పిన్నింగ్ మిల్లులదే. ఆ మిల్లులలో ఎంతో కాలం ‘సుమంగళి’ పేరుతో ఒక పద్ధతి నడిచింది. పేద కుటుంబాల ఆడపిల్లలను మూడేళ్ల ఒప్పందం మీద చేర్చుకుని, హాస్టల్‌లో ఉంచి, జీతంలో కొంత పట్టి ఉంచి, గడువు ముగిశాక పెళ్లి ఖర్చులకంటూ ఒకేసారి కొంత మొత్తం ఇచ్చేవారు. మధ్యలో మానేసిన పిల్లకు ఆ సొమ్ము దక్కకపోవచ్చు. కన్నవాళ్లకు వరంలా కనిపించిన ఆ మొత్తమే పిల్లకు సంకెల అయింది. ఆ పేరు ఇప్పుడు బయట అంతగా వినబడదు. ఆ హాస్టళ్లలో ఒడిశా, జార్ఖండ్, బిహార్ పిల్లలు కూడా ఉంటున్నారు.

కొన్నేళ్ల క్రితం అటువంటి ఒక మిల్లుకు పరిశీలన బృందంతో వెళ్లాను. గదులు శుభ్రంగా ఉన్నాయి, గోడలకు కొత్త సున్నం వేశారు, ఆఫీసులో కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. తిరిగి వస్తూ గేటు దగ్గరి రిజిస్టరు తెరిచి చూశాను. మూడు నెలల పేజీలలో ప్రతి ఆదివారం పిల్లల పేర్లు వరుసగా ఉన్నాయి, వరుస చివర వార్డెన్ సంతకం ఉంది. ఒంటరిగా బయటికి వెళ్లిన పేరు ఒక్కటీ కనిపించలేదు. ఆఫీసులోని ఫైళ్లన్నీ చెప్పని సంగతిని ఆ పుస్తకం చెప్పింది.

మీ ఈరోడ్ వ్యాపారిని నూలు బిల్లు నకలు అడగండి. నూలు కోన్ లోపల అంటించిన చీటీ మీద మిల్లు పేరు, లాట్ నంబరు సాధారణంగా ఉంటాయి; ఫోనులో ఒక ఫోటో తీసి పంపమంటే చాలు. పెద్ద సంస్థలకు వేల మంది సరఫరాదారులుంటారు, మీకున్నది ఇద్దరే. ఇక్కడ మీ సంస్థ చిన్నది కావడమే మీకు కలిసివచ్చే విషయం. మిల్లు పేరు తెలిశాక ‘మీ దగ్గర నిర్బంధ శ్రమ ఉందా’ అని యజమానిని అడిగి ప్రయోజనం లేదు. పని చేసేవారిని, వారి సూపర్‌వైజర్ వినని చోట, ‘ఈ రోజు పని మానేసి ఇంటికి వెళ్తానంటే నీకు ఏం పోతుంది?’ అని అడగాలి. అది మీ ఒక్కరి వల్ల కాదు. దిండిగల్ ప్రాంతంలో మహిళలే నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ ఉంది. మహిళా కార్మికుల మీద వేధింపులను ఆపడానికి 2022లో కుదిరిన దిండిగల్ ఒప్పందంలో అది ఒక పక్షం. అటువంటి వారిని సంప్రదించమని మీ కొనుగోలుదారునే కోరండి, ఖర్చు కొనుగోలుదారే భరించాలని కూడా రాయండి.

తప్పు కనబడితే వెంటనే ఆ మిల్లు నూలు మానేయాలనిపిస్తుంది. తొందరపడవద్దు. మీరు మానేస్తే ఆ పిల్లలకు పట్టి ఉంచిన జీతం రాదు. ముందు బకాయిలు ఇప్పించి, గేటు తెరిపించే ప్రయత్నం చేయాలి. గడువు పెట్టినా మారకపోతేనే వదిలేయాలి. ధర తగ్గించమని, నాలుగు రోజులలో సరుకు కావాలని మీరు చేసే ఒత్తిడి కూడా చివరికి మిల్లులో రాత్రి షిఫ్టు చేసే ఆ పిల్లల మీదే పడుతుందని మరవకండి.

లైనింగు సంగతి వేరు. చైనా పత్తిలో సుమారు తొంభై శాతం షింజియాంగ్‌లో పండుతుంది. అక్కడ వీగర్ తదితర ముస్లిం ప్రజలను ప్రభుత్వ పథకాల పేరిట బలవంతంగా పనులకు పంపుతున్నారన్న ఆరోపణలకు బలమైన ఆధారాలున్నాయి. అక్కడి సరుకు నిర్బంధ శ్రమతో తయారైనదేనని ముందుగానే భావించి, కాదని రుజువు చేసే భారాన్ని దిగుమతిదారు మీద పెట్టే చట్టం అమెరికాలో 2022 జూన్ 21 నుంచి అమలవుతోంది. కార్మికుడు భయం లేకుండా మాట్లాడలేని చోట తనిఖీకి అర్థం లేదు; అందుకే 2020లో పలు తనిఖీ సంస్థలు అక్కడ పని చేయబోమన్నాయి. పత్తి ఎక్కడిదో కాగితాలతో చూపలేకపోతే ఆ లైనింగు మానేసి మన ప్రాంతపు గుడ్డ వేయండి. దిండిగల్ మిల్లులతో సంబంధం ఉంచుకునే తప్పు సరిచేయించవచ్చు, షింజియాంగ్‌లో ఆ వీలు లేదు.

ఇక మీ ప్రశ్నలో చివరి వాక్యాలు నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి. మీ ఉద్దేశం మంచిదేనని నమ్ముతున్నాను. అయినా గుర్తింపు కార్డులు యజమాని దగ్గర ఉండటం, తీరని అప్పు, ఈ రెండూ అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పిన 11 నిర్బంధ శ్రమ లక్షణాలలో ఉన్నాయి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఆనకట్టల దగ్గర చిక్కుకుపోయిన పాలమూరు కూలీల కథ మన ఇళ్లలో తెలియనిది కాదు. అడ్వాన్సు ఇవ్వడమే నేరం కాదు. అది తీరేదాకా కదలకూడదంటే, లేదా దాని వంకతో కనీస వేతనం తగ్గిస్తే, 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం కింద అది నేరం, ఆ అప్పు కూడా చెల్లదు. మేస్త్రీ కమీషన్ వారి జీతంలో నుంచి పోతోందేమో అడిగి, పోయి ఉంటే మీరే తిరిగి ఇవ్వండి. అప్పు ఉన్నా ఎప్పుడైనా వెళ్లిపోవచ్చునని ఒడియాలో రాయించి, చదివి వినిపించండి. జర్మనీకి జవాబు రాయడానికి ముందే, రేపు ఉదయమే, బీరువా తెరిచి ఎవరి కార్డు వారి చేతికి ఇచ్చేయండి.