వలలో తిమింగల సొర పడితే

ప్రశ్న: వలలో పెద్ద సొర చిక్కితే వల కోసి వదిలేయాలంటారు. మరి ఆ వల ఖర్చెవరిది? — ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: గుజరాత్‌లో అయితే అటవీ శాఖది. 2001లో తిమింగల సొరను (వేల్ షార్క్ అనే భారీ చేపను) వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లో చేర్చారు. వేట నేరమైంది కానీ, చిక్కిన సొరను వదలాలంటే జాలరి వల పోగొట్టుకోవాలి. 2004లో అక్కడ ప్రచారం మొదలుపెట్టిన వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ ఈ చిక్కుముడినే పట్టుకుంది. జాలర్లకు కెమెరాలిచ్చింది. వల కోసి వదులుతున్నప్పుడు తీసిన ఫొటోయే పరిహారానికి ఆధారం. పరిహారం లేకుండా ఒట్టి చట్టం పనిచేయదని మా గట్టి నమ్మకం.

సొరను తోకకు తాడు కట్టి లాగొద్దు, ఒడ్డుకు అసలే తేవొద్దు. నీటి బయట సొంత బరువుకే లోపలి అవయవాలు నలుగుతాయి, మొప్పలకు ఊపిరాడదు. నీళ్లలో ఉండగానే మొప్పల దగ్గరి వలను ముందు కోయండి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన సొరను అటవీ సిబ్బంది, జాలర్లు కలిసి ప్రాణాలతోనే సముద్రంలోకి పంపారు.