మెగా క్యాంపు కంటే నాలుగు చిన్నవి నయం

ప్రశ్న: మా స్నేహితుడు పోయి పది నెలలు దాటింది. మా ఊళ్లో ఎలక్ట్రికల్ షాపు నడిపేవాడు. రక్తం కావాలని ఎవరు ఫోన్ చేసినా, అర్ధరాత్రయినా సరే, దాతని వెతికి పంపించేవాడు. పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసుకున్న లాంగ్ నోట్‌బుక్ ఎప్పుడూ కౌంటర్ మీదే ఉండేది. ఇప్పుడు సంవత్సరీకానికి సెంటర్‌లో విగ్రహం పెట్టి, అదే రోజు ఐదొందల మందితో మెగా రక్తదాన శిబిరం చేద్దామని మా బ్యాచ్ అంటోంది, చందాలు కూడా మొదలెట్టేశారు. నాకెందుకో మనసొప్పడం లేదు. వాడి ఫోన్‌కి ఇంకా కాల్స్ వస్తూనే ఉన్నాయి, వాడి భార్య, మా చెల్లెమ్మ, ఎత్తి "ఆయన లేరండీ" అని చెప్పాల్సి వస్తోంది. ఏం చేయమంటారు?
– పేరు రాయొద్దన్న పాఠకుడు, భీమవరం

జవాబు: విగ్రహం సంగతి తర్వాత, ముందు ఆ ఫోన్ సంగతి చూడండి. అవతలివాళ్లు ఆస్పత్రి వరండాలో టెన్షన్‌లో ఉండి చేస్తారు, మీ చెల్లెమ్మ వాళ్లని కసురుకోలేరు, అలాగని సాయమూ చేయలేరు, పైగా భర్త పోయాడన్న మాట కొత్తవాళ్లకి మళ్లీ మళ్లీ చెప్పుకోవాలి. పది నెలలుగా ఆవిడ ఒక్కరే మోస్తున్నారు! ఆవిడ సరేనంటేనే, డెత్ సర్టిఫికెట్‌తో ఆ సిమ్‌ని ముందు ఇంట్లోవాళ్ల పేరు మీదికి మార్పించండి. బ్యాంకు ఓటీపీల్లాంటివి దానికే వస్తుంటాయి కాబట్టి సిమ్ ఇంట్లోనే ఉంచి, కాల్స్ మాత్రం మీ ఫోన్లకి ఫార్వర్డ్ పెట్టుకోండి, వారానికొకరు చొప్పున. రీఛార్జ్ మాత్రం ఆపొద్దు. ఆపితే కొన్నాళ్లకి కంపెనీ ఆ నంబర్‌ని ఇంకెవరికో ఇచ్చేస్తుంది, అక్కరలో ఉన్నవాళ్ల కాల్స్ అన్నీ వాళ్లకి పోతాయి.

ఇక మెగా క్యాంపు. మీ మనసొప్పకపోవడంలో న్యాయం ఉంది. రక్తం ఎంతకాలమైనా దాచుకునేది కాదు, ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఉంచినా 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒకే రోజు ఐదొందల యూనిట్లు తీసి ఇస్తే వాడినంత వాడి, గడువు దాటింది పారేయాల్సిందే. దానికి తోడు ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. అంటే ఆ మర్నాడు ఎవరో ఓ-నెగెటివ్ రక్తం కావాలని ఫోన్ చేస్తే, నోట్‌బుక్‌లో ఉన్నవాళ్లంతా నిన్ననే ఇచ్చేసి ఉంటారు. మీవాడు తేదీలు రాసుకున్నది ఇందుకే కదండీ. ఒంట్లో రక్తం సరిగా తయారవని తలసీమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కిస్తూనే ఉండాలి, వాళ్ల అవసరం మన సంవత్సరీకం తేదీని చూసుకుని రాదు.

అందుకని దాన్నే నాలుగు ముక్కలు చేయండి. సంవత్సరీకం రోజున ఒకటి, ఏప్రిల్, మే నెలల్లో తప్పకుండా ఒకటి. కాలేజీలకి సెలవులు, ఎండలకి జడిసి మామూలు దాతలూ రారు, బ్లడ్ బ్యాంకులు ఖాళీ అయ్యేది అప్పుడే. మిగతా రెండింటికీ తేదీలు మీరు పెట్టకుండా బ్లడ్ బ్యాంకు డాక్టర్‌నే అడగండి. ఎంతమందిని తీసుకురావాలో కూడా వాళ్లే చెప్తారు. ఫ్లెక్సీలో అంకె చిన్నదవుతుందని మీ బ్యాచ్‌లో కొందరికి నచ్చకపోవచ్చు, పోనివ్వండి.

నోట్‌బుక్ విషయంలో తొందరపడొద్దు. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారేమో, ఆ పని మాత్రం చేయకండి, వాళ్లు నంబర్లు ఇచ్చింది మీవాడిని నమ్మి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇకమీదట మేం పిలవొచ్చా అని అడగండి. కొందరు ఊరు మారి ఉంటారు, కొందరికి 65 దాటి ఉంటాయి. కొత్తవాళ్లని చేర్చుకునేటప్పుడు 18 నిండాలి, బరువు 45 కిలోలకి తగ్గకూడదు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. ఈ మధ్య టాటూ వేయించుకున్న కుర్రాళ్లుంటే ఏడాది ఆగమనండి. ఇంకో మాట, డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి నుంచే ఆపేశారు, అయినా ఆటో ఖర్చులంటూ పేషెంట్ తాలూకు వాళ్ల దగ్గర చేయి చాపేవాడు ఒక్కడు చేరినా మీవాడి పేరు పోతుంది.

విగ్రహం అంటారా, రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకి అనుమతులివ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. ఎవరు పాటిస్తున్నారంటారా, అది వేరే సంగతి! చందా ఇచ్చినవాళ్లకి మాత్రం విగ్రహం మానుకుని ఆ డబ్బు రీఛార్జ్‌లకీ, క్యాంపులకీ, రాత్రిపూట దాతని తీసుకెళ్లే కారు కిరాయికీ వాడతామని ముందే చెప్పేయండి. వద్దన్నవాళ్లకి తిరిగి ఇచ్చేయండి. ఆ రోజు సభ పెడితే ఎమ్మెల్యేగారి కోసం రెండు గంటలు ఎదురుచూసే కంటే, నోట్‌బుక్‌లో ఉన్నవాళ్లని భోజనాలకి పిలవండి. వాళ్లలో చాలామంది ఒకరినొకరు చూసి కూడా ఉండరు. మీవాడు ఏ రాత్రి ఎవర్ని నిద్రలేపి ఎక్కడికి పంపాడో వాళ్లు చెప్పుకుంటుంటే మీ చెల్లెమ్మనీ, పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టండి, చాలా సంగతులు వాళ్లకి కూడా తెలిసి ఉండవు.