తెలియని దేశానికి బయలుదేరుతున్న మా చెల్లెలి కూతురికి

ప్రియమైన అమ్మలూ,

ప్రభువైన యేసుక్రీస్తు నామములో నీకు శుభములు.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక గుడి మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకొని, "పెద్దమ్మా, జర్మనీ వీసా వచ్చినప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు, ఇంత భయపడుతున్నానంటే నాకు విశ్వాసం లేనట్టేనా?" అని అడిగావు. చుట్టూ అందరూ నీకు అభినందనలు చెబుతున్న ఆ సందడిలో తగిన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చినా ఆ మాట నన్ను వదలలేదు కనుక, తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. కాదు, విశ్వాసం లేనట్టు కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మన ప్రభువే మిగుల విభ్రాంతి నొంది చింతాక్రాంతుడయ్యాడని మార్కు సువార్త దాచకుండా చెబుతున్నది. ఆయన ఆ కలవరాన్ని శిష్యుల దగ్గర దాచలేదు, తండ్రి దగ్గర అసలే దాచలేదు. యాభై ఆరవ కీర్తన తీసి చూడు. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని ఉంటుంది. భయమే రాదని దావీదు అనలేదు, అది వచ్చిన రోజున ఎవరి దగ్గరికి వెళతాడో చెప్పాడు. "నేను భయపడను" అన్న మాట ఆ తరువాతి వచనంలో గాని రాదు. ఈ వరుస తప్పి, భయం లేనట్టు నటించడమే విశ్వాసమని మన సంఘాల్లో చాలామంది పిల్లలకు నేర్పుతున్నారు. అది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే అలా నటించేవారు తమ భయాన్ని దేవునికి కూడా చెప్పుకోలేకపోతారు.

నేనూ నీలాగే నర్సుగా 1986లో కువైట్ ఆస్పత్రిలో ఉద్యోగానికి వెళ్లాను. 1990 ఆగస్టు 2న తెల్లవారుజామున ఇరాక్ సైన్యం ఆ దేశంలోకి వచ్చింది. ఆ తరువాత కొన్ని వారాలపాటు వార్డులో పని చేస్తూనే ఉన్నాం గాని, ఇంటికి ఉత్తరం లేదు, ఫోను లేదు, జీతం రాలేదు. నా సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉన్నాయో కూడా తెలియదు. చివరకు సెప్టెంబరులో కొందరం కలిసి ఒక బస్సు మాట్లాడుకొని బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దుకు బయలుదేరాం. అక్కడినుంచి అమ్మాన్ చేరితే బొంబాయికి ఎయిర్ ఇండియా విమానాలు ఉన్నాయని విన్నాం, అంతే. ఆ రెండు నెలల్లో దాదాపు లక్షా 70 వేల మంది భారతీయులను ఆ విధంగా ఇంటికి చేర్చారని తరువాత తెలిసింది. బస్సులో కూర్చున్న రోజున మాత్రం మా వంతు వస్తుందని మాకు చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు.

నా పక్క సీటులో రాజంపేట వైపు నుంచి ఇంటిపనికి వచ్చిన ఒక అక్క ఉండేది. ఆమెకు చదువు రాదు, మన విశ్వాసీ కాదు. ఇద్దరికీ కలిపి ఒకటే నీళ్ల సీసా. నేను పావుగంటకొకసారి డ్రైవరు వైపు చూసి, ఇంకా ఎంత దూరం, రాత్రికి చేరతామా, సరిహద్దులో ఆపేస్తే ఏం చేయాలి అని అడుగుతూనే ఉన్నాను. ఆమె మాట్లాడకుండా సీసా మూత తీసి, ఆ మూతలోనే నీళ్లు పోసి, ముందు నాకిచ్చి తరువాత తాను తాగేది. గంటకు ఒక్క మూత. ఒకసారి నా మోకాలి మీద చెయ్యి వేసి, "నీళ్లు లెక్కబెట్టుకుందాం పాపా, దూరం లెక్కబెడితే గుండె నిలబడదు" అంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారమైన మన్నా గురించి చిన్నప్పటినుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఆదివారపు బడిలో ఎంతమంది పిల్లలకు నేర్పానో చెప్పలేను. మనిషికి రోజుకు ఓమెరు అనే ఒక కొలత, మరునాటికి దాచితే పురుగుపట్టడం, ఇదంతా నాకు కంఠతా వచ్చు. కాని "అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అనే పరలోక ప్రార్థనలో "నేడు" అన్న మాట ఎందుకుందో నాకు ఆ సీసా మూత దగ్గరే అర్థమైంది.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికని నీకు వచ్చిన, ఒక వచనం రాసి ఉన్న వాగ్దాన కార్డును పర్సులో పెట్టుకొని తిరుగుతున్నావని మీ అమ్మ చెప్పింది. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం అట. మంచి వాక్యమే, కాని ఆ ఒక్క వచనం కార్డు మీద ఉన్నంతలో చదివితే సగమే చదివినట్టు. ఆ అధ్యాయం ఒక ఉత్తరం, అదీ ఇల్లూ ఊరూ విడిచి, భాష తెలియని బబులోనుకు బందీలుగా వెళ్లినవారికి యెరూషలేము నుంచి ప్రవక్త పంపిన ఉత్తరం. త్వరలో తిరిగి వచ్చేస్తారని అప్పటి ప్రవక్తలు కొందరు వాళ్లకు తియ్యటి మాటలు చెబుతుంటే, యిర్మీయా మాత్రం 70 సంవత్సరాలు పడుతుందని రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థన చేయండి అని చెప్పిన తరువాతే నీ వచనం వస్తుంది. అందులోనూ దేవుడు "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అన్నాడు. ఆ సంగతులు మీకు తెలుస్తాయని అనలేదు. నీకు తెలియనిది ఆయనకు తెలియనిది కాదు, అమ్మలూ. నా నలభై ఏళ్ల అనుభవంలో నన్ను మోసినది ఈ ఒక్క మాటే. అబ్రాహాము 75 ఏళ్ల వయసులో ఎక్కడికి వెళ్లవలెనో ఎరుగకనే బయలుదేరాడు. దారి తెలియకపోయినా పిలిచినవాడు ఎవరో అతనికి తెలుసు.

అందుచేత ఉద్యోగం నిలుస్తుందా, రెండేళ్ల తరువాత ఏమవుతుంది అని అడుగుతూ దర్శనాలు చెప్పేవారి దగ్గరికి వెళ్లవద్దు. నీ మేలు కోరి ఎవరైనా తీసుకువెళతామన్నా వద్దని చెప్పు. రహస్యములు మన దేవునికి చెందుతాయనీ, బయలుపరచబడినవి మనకు చెందుతాయనీ ద్వితీయోపదేశకాండము 29వ అధ్యాయం చివరి వచనం గీత గీసి చెబుతున్నది. గీతకు అవతల ఉన్నదాన్ని తొంగిచూడాలని ప్రయత్నించిన కొద్దీ భయం పెరుగుతుంది గాని తరగదు.

అయితే గీతకు ఇవతల ఉన్న పని మనది, దాన్ని ప్రార్థన మీదికి నెట్టివేయకూడదు. యెరూషలేము గోడ కట్టిస్తున్న నెహెమ్యా శత్రువుల భయం కలిగినప్పుడు ప్రార్థనా చేశాడు, రాత్రింబగళ్లు కావలీ ఉంచాడు. నీవు తెలియనిది అనుకుంటున్నవాటిలో సగం నిజానికి ఇంకా అడగనివి. విమానాశ్రయానికి ఎవరు వస్తారు, మొదటి నెల గదికి అద్దె ఎవరు కడతారు, మన నర్సింగు డిగ్రీకి అక్కడి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలిగా ఎంత జీతం ఇస్తారు, గుర్తింపు పరీక్ష తప్పితే మళ్లీ రాసే అవకాశం ఉందా, ఇవన్నీ కాగితం మీద దొరికే జవాబులు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల నకళ్లు రెండు జతలు తీయించి ఒకటి మీ అమ్మ దగ్గర ఉంచు. నా సర్టిఫికెట్ల కోసం నేను పడిన పాట్లు నీవు పడకూడదు.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నావు కనుక నేను చేసే ప్రార్థన పద్ధతి చెబుతాను. మనం డ్యూటీ దిగేటప్పుడు రాత్రి నర్సుకు ఎలా అప్పజెబుతామో నీకు తెలుసు. వార్డు అంతా బాగానే ఉందని ఒక్క మాటతో వెళ్లిపోము. పడక పడక దగ్గరా ఆగి, మూడో బెడ్డుకు జ్వరం 102, ఆరో బెడ్డుకు సెలైను సగం ఉంది, పదింటికి ఇంజెక్షను ఇవ్వాలి అని చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టి అప్పుడు బయటికి వస్తాం. నీ భయాలను అలా ఒక్కొక్కటిగా పేరు పెట్టి దేవునికి అప్పజెప్పు. "ప్రభువా, నా చింతలన్నీ తీర్చు" అని పెద్దగా ఒక్క మాట అనేస్తే మనసు తేలికపడదు. "జర్మను భాషలో రోగి చెప్పేది నాకు అర్థం కాకపోతే ఏమవుతుందోనని భయంగా ఉంది, అమ్మ మోకాళ్ల నొప్పులకు ఇక్కడ ఎవరు చూస్తారోనని భయంగా ఉంది" అని వివరంగా చెప్పు. చెప్పిన తరువాత మళ్లీ వార్డులోకి వెళ్లవద్దు. కునుకడు నిద్రపోడు అని 121వ కీర్తన ఎవరి గురించి చెబుతున్నదో ఆయనకు నీవు అప్పజెప్పి దిగావు. మొదట్లో నడిరాత్రి లేచి మళ్లీ అవే పడకల చుట్టూ తిరుగుతావు. అప్పుడు మళ్లీ అప్పజెప్పు. నాకు ఇది అలవాటు కావడానికి చాలా కాలమే పట్టింది.

ఏలీయా సంగతి కూడా మరువకు. ప్రాణభయంతో పారిపోయి చావు కోరుకున్న ఆ ప్రవక్తకు దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, నిప్పుల మీద కాల్చిన అప్పము, నీళ్లు పంపాడు, ప్రయాణం నీ శక్తికి మించినది గనుక లేచి తినమన్నాడు. నీవు వేళకు తినడం లేదని నీ ముఖం చూస్తేనే తెలుస్తున్నది. ఇలా వారాలు గడిచినా నిద్ర పట్టక, గుండెదడ తగ్గకపోతే డాక్టరును కలువు. పౌలు ప్రియుడైన వైద్యుడని లూకాను పిలిచాడు, కాబట్టి అందులో విశ్వాసానికి లోటేమీ లేదు.

భాష గురించి ఒక మాట. 1883లో అమెరికా నుంచి మన గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌కు అప్పటికి 27 ఏళ్లు. తెలుగు రాదు, ఆస్పత్రి లేదు. స్త్రీల కోసం ఆమె కోరుకున్న ఆస్పత్రి 1898లో గాని తెరుచుకోలేదు. ఆ మధ్య కాలంలో ఆమె ఇళ్లకు వెళ్లి వైద్యం చేస్తూనే మన మాట నేర్చుకున్నది. ఆమె మనవాళ్ల మధ్యకు వచ్చినట్టే నీవు ఇప్పుడు మరొకరి మధ్యకు వెళుతున్నావు. చేరిన మొదటి ఆదివారమే దగ్గరలో ఉన్న లూథరన్ గుడికి వెళ్లు, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా వెళ్లు. అందరూ కలిసి "ఫాటర్ ఉన్‌జర్" అని మొదలుపెట్టినప్పుడు అది పరలోక ప్రార్థన అని నీకు తెలిసిపోతుంది. నీవు తెలుగులోనే వారితో కలిసి చెప్పు. "నేడు" అన్న మాట దగ్గర నన్ను తలచుకో.

శుక్రవారం మా ఇంటికి వస్తావని మీ అమ్మ చెప్పింది. నీవు సంతకం పెట్టి పక్కన పడేశానన్న ఆ ఉద్యోగ ఒప్పంద పత్రాన్ని కూడా వెంట తీసుకొని రా. నేను కళ్లద్దాలు పెట్టుకొని సిద్ధంగా ఉంటాను. అన్నం తిన్న తరువాత ఇద్దరం కూర్చుని మొదటి పేజీ నుంచి చదువుదాం.

ప్రేమతో,
నీ పెద్దమ్మ
గుంటూరు