ఫోస్టర్ ఆడని రోజుల గురించి రాయి

తమ్ముడూ,

పాతకాలం ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ ఆర్.ఇ. ఫోస్టర్ మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. "ఔత్సాహిక క్రికెటర్ అయి ఉండి కూడా 287 కొట్టాడు" అన్నచోట ఒళ్ళు మండింది. అయి ఉండి కూడా ఏమిటి? అప్పటి ఇంగ్లండ్‌లో అమెచ్యూర్ (నువ్వు ఔత్సాహిక అన్నది) అంటే ఇంకా ఆట నేర్చుకుంటున్నవాడు కాదు, జీతం పుచ్చుకోకుండా ఆడే పెద్దింటి మనిషి. స్కోరుకార్డులో అతని ఇనిషియల్స్ పేరుకి ముందుండేవి, డబ్బు పుచ్చుకుని ఆడే ప్రొఫెషనల్‌వి పేరు తర్వాత, చాలా మైదానాల్లో గేట్లు కూడా వేరు, ఈ తేడా 1962లో గానీ పోలేదు. నిఘంటువులో దొరికిన ఒక్క మాట అతికించేసరికి ఇదంతా మాయమైంది.

నేను ముప్పై ఏళ్ళుగా అందరితో పోట్లాడేది ఒకటే విషయం మీద. ఆటగాడి గురించి రాస్తే అతను ఆడని రోజుల గురించి రాయాలి. 1903 డిసెంబరులో సిడ్నీలో మొదటి టెస్టులోనే 287 కొట్టాడు, తొలి టెస్టు ఆడేవాళ్ళలో ఇప్పటికీ దాన్ని దాటినవాళ్ళు లేరు. అంతటివాడు మొత్తం 8 టెస్టులే ఆడితే ఎందుకని నువ్వు అడగవా? ఆటలో జీతం లేదు, అతనికి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో పని. 1907లో దక్షిణాఫ్రికా మీద కెప్టెన్‌గా సిరీస్ గెలిచి కూడా ఆ చలికాలం ఆస్ట్రేలియాకి రాలేనన్నాడు, పని వదలడానికి కుదరక. కథంతా అక్కడుంటే నువ్వేమో ఏడుగురు అన్నదమ్ములూ ఇంగ్లండ్ కౌంటీ జట్టు వూస్టర్‌షైర్‌కి ఆడారని, ఫుట్‌బాల్‌లోనూ ఇంగ్లండ్ కెప్టెన్ అని చెప్పుకుంటూ పోయావు.

నా కుర్రతనంలో, బ్యాంకు ఉద్యోగం కోసం ఆట మానేసిన ఒక స్పిన్నర్ మీద వ్యాసం మూడుసార్లు తిరగరాసి ఒక పత్రికకి ఇచ్చాను. ఎడిటర్ గారు బ్యాంకు సంగతంతా కొట్టేసి ఆ జాగాలో వికెట్ల పట్టిక వేశారు. ఆ స్పిన్నర్ ఫోన్ చేసి "నేను చెప్పిందేదీ లేదేంటి సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైతే పట్టికలే వ్యాసాలైపోయాయి, చదువుతుంటే బాధేస్తుంది.

ఇంకో మాట. సిడ్నీలో చివరి వికెట్‌కి ఫోస్టర్‌తో కలిసి 130 పరుగులు జోడించిన విల్‌ఫ్రెడ్ రోడ్స్ నీ వ్యాసంలో లేనే లేడు! 40 నాటౌట్. అతను ప్రొఫెషనల్, ఆటే అతనికి కూడు. సొంత దేశంలో వేర్వేరు గేట్లలోంచి రావలసిన ఇద్దరు అక్కడ ఒకే పిచ్ మీద పరుగులు తీస్తున్నారు, అది వదిలేసి ఏం రాస్తావు? ఆ రోడ్సే తర్వాత ఇంగ్లండ్ ఓపెనర్ హాబ్స్‌తో ఓపెనింగ్‌కి దిగాడు, 1930లో 52 ఏళ్ళప్పుడు కూడా టెస్టు ఆడాడు.

ఫోస్టర్ 1914 మేలో, 36 ఏళ్ళకే, షుగర్ వ్యాధితో పోయాడని నువ్వు రాసిన చివరి పేరా దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఆ వ్యాధిని అదుపు చేసే ఇన్సులిన్ మందు రోగులకి అందింది 1922లో. ఆ పేరా ముట్టుకోకు. రోడ్స్‌ని తీసుకొచ్చి, ఆ స్టాక్ ఎక్స్ఛేంజ్ సంగతి రాసి మళ్ళీ పంపు.