బ్యాంకాక్ ఏటీఎంలో పోయిన డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను రిటైర్డ్ టీచర్‌ని. మాది ఒంగోలు. ఈమధ్య మా ఆవిడతో బ్యాంకాక్ వెళ్ళి, నా డెబిట్ కార్డుతో మూడుసార్లు రెండేసి వేల బాత్‌లు తీశాను. చేతికి వచ్చింది 6,000 బాత్‌లు, అంటే సుమారు 15,600 రూపాయలు. ఖాతాలో తగ్గింది 18,700 దాకా. మూడోసారి మిషన్ మీద 'రూపాయల్లో చూపించమంటారా' అని వస్తే సరే అని నొక్కాను. నాలుగోసారి డబ్బే రాలేదు గానీ 6,100 రూపాయలు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు నష్టపరిహారం ఇవ్వాలని మా తోడల్లుడు అంటున్నాడు. నిజమేనా? ఈ కోతలన్నీ వాపసు వస్తాయా? మళ్ళీ వెళ్ళేటప్పుడు ఏం చెయ్యాలి? నా దగ్గర మిగిలిన 340 బాత్‌లు ఉంచుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, మీ తోడల్లుడు చెప్పిన రూల్ ఉంది, కానీ మీకు వర్తించదు. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే 5 రోజుల్లోపు తిరిగి వెయ్యాలి, దాటితే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి అని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది. అయితే అది దేశం లోపల జరిగే లావాదేవీలకే అని అందులోనే రాసి ఉంది. ఈ ఒక్క వాక్యం చదవకుండా పరిహారం అడిగేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు.

అంతమాత్రాన ఆ 6,100 పోయినట్టు కాదు. మీ ఒప్పందం మీ బ్యాంకుతో, థాయ్‌లాండ్ బ్యాంకుతో కాదు. 'అది అక్కడి మిషన్, మాకు సంబంధం లేదు' అని బ్రాంచిలో అంటే ఒప్పుకోవద్దు. మీ బ్యాంకు ఆ కార్డు నెట్‌వర్క్ (కార్డు మీద ఉండే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థ) ద్వారా డిస్ప్యూట్, అంటే ఆ లావాదేవీ మీద అభ్యంతరం పెట్టాలి. అప్పుడు డబ్బు నిజంగా బయటికి వచ్చిందని అక్కడి బ్యాంకు తన మిషన్ లాగ్‌తో, అంటే మిషన్‌లో నమోదైన వివరాలతో చూపించుకోవాలి. దీనికి నెట్‌వర్క్ గడువు ఉంటుంది కాబట్టి ఈ వారమే రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ, సమయం, ఏటీఎం ఉన్న చోటు, మెసేజ్ స్క్రీన్‌షాట్, స్లిప్ ఉంటే అదీ జతచెయ్యండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఊరుకుంటే చాలదు. ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్ళండి. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు (ఈ మాట లాయరే చెప్తున్నాడు, నమ్మండి). ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. అక్కడా తేలకపోతే ఒంగోలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, గడువు 2 సంవత్సరాలు. ఒకేసారి రెండు చోట్లా వెయ్యకండి. కోర్టులోనో కమిషన్‌లోనో నడుస్తున్న విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు.

ఇక కోతల సంగతి. ఇక్కడ మీకు కాస్త నిరాశ తప్పదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఈ డబ్బు ఒక్కరికే పోలేదు. అక్కడి ఏటీఎం బ్యాంకు విదేశీ కార్డు అని ఒక్కోసారికి 220 బాత్‌లు తీసుకుంది. బాత్ 2 రూపాయల 60 పైసల లెక్కన అదే 572 రూపాయలు. మీ బ్యాంకు ఆ ఫీజుతో కలిపిన మొత్తం మీద మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు అదనపు శాతం వేస్తుంది. 3.5 శాతం అనుకుంటే 202 రూపాయలు. విదేశీ విత్‌డ్రా చార్జీ 125 అనుకోండి. ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. అంటే ఒక్కసారి తీసిన 2,000 బాత్‌లకు, 5,200 రూపాయల విలువైన నోట్లకు, మొత్తం దాదాపు 960 రూపాయల ఖర్చు. అదే ఒకేసారి 20,000 బాత్‌లు తీసి ఉంటే ఆ 220 ఒక్కసారే పడేది, మొత్తం ఖర్చు ఐదున్నర శాతం దగ్గర ఆగేది.

ఈ చార్జీలు బ్యాంకు ప్రకటించిన పట్టికలో ఉంటే వాపసు అడగడానికి చట్టంలో దారి లేదు. పట్టికలో లేనిది వేసినా, ఉన్నదానికంటే ఎక్కువ వేసినా, నెల ముందు నోటీసు ఇవ్వకుండా పెంచినా అది సేవాలోపమే. కాబట్టి మార్పిడి రేటు, మార్కప్, చార్జీ, జీఎస్టీ విడివిడిగా చూపించమని అడగండి. నా అనుభవంలో ఈ ఒక్క ఉత్తరానికే కొన్నిసార్లు కొంత డబ్బు వెనక్కి వచ్చింది.

మూడోసారి మీరు నొక్కిన బటన్ గోరుచుట్టు మీద రోకటి పోటు. రూపాయల్లోకి మార్చే పని మీ కార్డు నెట్‌వర్క్ నుంచి ఆ ఏటీఎం వాళ్ళ చేతికి పోతుంది, రేటు వాళ్ళిష్టం. పైగా దాని మీద కూడా మళ్ళీ మార్కప్ వేసే బ్యాంకులున్నాయి. సరే అన్నది మీరే గనుక ఆ తేడా రాదు. అడక్కుండానే మార్చి ఉంటే మాత్రం డిస్ప్యూట్ పెట్టొచ్చు, ఎందుకంటే నెట్‌వర్క్ నిబంధనల ప్రకారం ఎంచుకునే అవకాశం ఇచ్చి తీరాలి. ఈసారి ఎప్పుడు అడిగినా అక్కడి కరెన్సీలోనే అనండి.

మళ్ళీ వెళ్ళేటప్పుడు కొంత నోట్లుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో (ముందుగానే విదేశీ కరెన్సీ వేయించుకునే కార్డు) తీసుకెళ్ళండి. చాలా దేశాలకు మనిషికి 3,000 డాలర్ల దాకా నోట్లు పట్టుకెళ్ళొచ్చు. కార్డులో వెళ్ళే దేశపు కరెన్సీయే వేయించండి. డాలర్లు వేయించుకుని బాత్‌లు తీస్తే మళ్ళీ మార్పిడి చార్జీ పడుతుంది. ఫారెక్స్ కార్డుకు కూడా అక్కడి ఏటీఎం ఫీజు తప్పదు, కాబట్టి తీస్తే పెద్ద మొత్తమే తీయండి. మార్కప్ లేని డెబిట్ కార్డులు ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి, కనుక్కోండి. క్రెడిట్ కార్డుతో మాత్రం నగదు తీయొద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

'తెలిసినవాడి దగ్గర డాలర్లు చౌక' అని ఎవరైనా అంటే దూరంగా ఉండండి. లైసెన్స్ లేనివాళ్ళ దగ్గర కొంటే ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. బ్యాంకులోనో అధీకృత మనీ చేంజర్ దగ్గరో కొని రసీదు దాచుకోండి. ఇంటికి రాగానే యాప్‌లో కార్డు విదేశీ వాడకాన్ని ఆఫ్ చెయ్యండి.

మిగిలిన బాత్‌ల గురించి టెన్షన్ పడకండి. 2,000 డాలర్ల విలువ దాటిన విదేశీ నోట్లనే తిరిగొచ్చిన 180 రోజుల్లో బ్యాంకుకో మనీ చేంజర్‌కో అప్పగించాలి. మీ 340 బాత్‌లు మనవడి చేతిలో పెట్టినా అడిగేవాళ్ళు లేరు.