‘సడ్స్’ అంటే నురగ ఒక్కటేనా? ఆ మాట ఎక్కడిది?

మీ ప్రశ్న ఇది: ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ ఉతుకు మధ్యలో ఆగిపోయి, తెర మీద ఎస్, యు, డి అనే మూడు అక్షరాలు చూపిస్తోంది. నిఘంటువు తీస్తే ‘సడ్స్’ అంటే సబ్బు నురగ అని ఉంది. నురగకు ఇంగ్లీషులో ‘ఫోమ్’, ‘లాదర్’ అనే మాటలు ఉండగా ఈ మాటే ఎందుకు, ఇది ఎక్కడ పుట్టింది, ‘సడ్’ అని ఏకవచనంలో రాయవచ్చా అని అడిగారు. గృహోపకరణాల వాడుక పుస్తకాలను తెలుగులోకి అనువదించే పని కొంతకాలం చేశాను. ఆ పుస్తకాల్లో ఈ మాట పదే పదే ఎదురయ్యేది. అప్పుడు కూడబెట్టుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మెషీన్ సంగతి. కంగారు పడనక్కరలేదు. నురగ అవసరానికి మించి వచ్చిందని అది చెబుతోంది, అంతే. చాలా మెషీన్లు అలాంటప్పుడు పని ఆపి, నురగ అణిగేదాకా కాసేపు ఊరుకుని, మళ్ళీ నీళ్ళు పట్టి జాడించి, ఆ తర్వాతే ముందుకు సాగుతాయి. ఆ కాసేపూ దాన్ని దాని మానాన వదిలేయండి. తరచుగా ఇలా జరుగుతుంటే పొడి మార్చాలి. చేత్తో ఉతకడానికి తయారుచేసిన పొడిలో నురగ ఎక్కువగా వచ్చేలా చూస్తారు. ఫ్రంట్ లోడ్ మెషీన్ కోసం అమ్మే పొడిలో నురగను కావాలనే తగ్గిస్తారు. పొడి అదే, కొలత అదే అయినా నీరు మారితే నురగ మారుతుంది. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళలో కొన్నాళ్ళు బోరు నీరు, కొన్నాళ్ళు కృష్ణా నీరో మంజీరా నీరో వస్తుంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నురగను అణిచేస్తాయి. నది నీరు వచ్చిన రోజు అదే కొలత వేస్తే నురగ పొంగుతుంది.

నురగ ఎక్కువైతే మెషీన్ ఎందుకు ఆగాలి? ఆ పుస్తకాలు అనువదించేటప్పుడు నాకూ ఇదే సందేహం. మరమ్మతు పని చేసే ఒక మెకానిక్ మెషీన్ విప్పి చూపిస్తూ చెప్పారు: నీళ్ళు బయటికి తోసే పంపు నీటినే తోయగలదు, గాలిని తోయలేదు. నురగలో ఉండేది ఎక్కువగా గాలే. అందుకని అది పంపు దగ్గర పేరుకుపోతుంది. డ్రమ్ముకూ దాని బయటి తొట్టికీ మధ్య సందులో చేరితే బట్టలు పిండేటప్పుడు డ్రమ్ము వేగం అందుకోలేదు. దీనికి వాళ్ళ వాడుకలో ‘సడ్స్ లాక్’ అని పేరు. అడుగున ఉన్న ఫిల్టర్ తిప్పగానే బయటికి వచ్చింది తెల్లటి నురగ కాదు. నూలు పీచు, మట్టి, కరగని పొడి కలిసిన బూడిదరంగు జిగురు. ‘సడ్స్’ అంటే సరిగ్గా ఏమిటో నాకు ఆ రోజు కళ్ళారా కనిపించింది.

ఎందుకంటే ఆ మాట మొదట శుభ్రతకు సంబంధించినదే కాదు. 16వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీషు రాతల్లో అది కనబడేటప్పటికి దాని అర్థం మడ్డి, మురికి, అడుగున మిగిలిపోయినది. ఇంగ్లండ్ తూర్పు తీరాన ఈస్ట్ ఆంగ్లియా అనే ప్రాంతం ఉంది, పల్లపు చిత్తడి నేల. అక్కడ వరద తీసేశాక పొలాల్లో మిగిలే బురదను అలా పిలిచేవారు. మన గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకు వెంటనే తట్టే మాట ‘ఒండ్రు’. సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న డచ్చి వారి పాత భాషలో ‘సుడ్సె’ అంటే బురద నేల. ఉన్ని, వస్త్రాల వ్యాపారంతో ఆ రెండు తీరాల మధ్య రాకపోకలు ఎప్పుడూ సాగేవి కాబట్టి మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుందని భాషా చరిత్రకారులు భావిస్తారు. ఉడకడం, కాగడం అనే అర్థమున్న ‘సీద్’ అనే పాత ఇంగ్లీషు క్రియకు ఇది చుట్టమని మరో అభిప్రాయం. తడిసి ముద్దయినదాన్ని ‘సాడెన్’ అంటారే, అది ఆ క్రియ నుంచి పుట్టిందే. నాకు మొదటి వాదమే బలంగా అనిపిస్తుంది, బురద అర్థం సూటిగా సరిపోతుంది కనుక. అయితే రెండోదాన్నీ తీసిపారేయలేను. ఆ రోజుల్లో బట్టలు ఉతకడమంటే ఉడకబెట్టడమే. మన చాకలివారు చౌడులో నానబెట్టి బానల్లో ఉడకబెట్టినట్టే, అక్కడ కట్టెల బూడిద నుంచి దించిన క్షారపు నీటిలో ఉడకబెట్టేవారు.

అదే 16వ శతాబ్దం ముగిసేలోగా ‘సడ్స్’ సబ్బు నీటికి పేరైంది. గమనించండి, సబ్బు నీటికి. ఒక్క నురగకే కాదు. సబ్బు కరిగిన నీరు, దాని మీద తేలే నురగ, అందులో దిగిన మురికి, అన్నీ కలిపి ఒక మాట. ఆ నీటికి విలువ కూడా ఉండేది. 1712 నుంచి 1853 దాకా బ్రిటన్‌లో సబ్బు మీద పన్ను ఉండేది. గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తివేశారు. సబ్బు అంత ఖరీదైన రోజుల్లో ఒకసారి కలిపిన సబ్బు నీటిని ఊరికే పారబోయరు కదా. ముందు తెల్లబట్టలు, తర్వాత రంగుబట్టలు, చివరికి మిగిలినదానితో నేల కడగడం. అదీ అయ్యాక తోటలో మొక్కల మీద పోసేవారు, పేనుబంక పోతుందని. మన పెరటి అరటిచెట్టు కూడా తూము నీళ్ళతోనే కాపుకొచ్చేది.

మురికి అర్థం మాత్రం మాటను వదలలేదు. 18వ శతాబ్దపు ఇంగ్లీషులో ఒక మనిషి ‘సడ్స్‌లో ఉన్నాడు’ అంటే చిక్కుల్లో పడ్డాడని. ఆ వాడుక ఇప్పుడు పోయింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో బీరుకు ముద్దుపేరుగా ‘సడ్స్’ వచ్చింది. గ్లాసు అంచున తేలే నురగే కారణం. 1930లలో అక్కడ పగటిపూట రేడియో ధారావాహికలకు సబ్బు కంపెనీలు డబ్బు పెట్టేవి. వాటికి ‘సోప్ ఆపెరా’ అనే పేరు వచ్చింది అందుకే. పత్రికల వాళ్ళు దాన్ని ఇంకా కుదించి ‘సడ్సర్’ అని రాసేవారు.

ఇక ‘లాదర్’. ఇది సడ్స్ కన్నా చాలా పాతది, వెయ్యేళ్ళనాటి ఇంగ్లీషులోనే ఉంది. అప్పుడు దాని అర్థాల్లో నురగతో పాటు చాకలి సోడా, అంటే నురగనిచ్చే పదార్థమూ ఉండేది. దీని మూలం కడగడం అనే అర్థమున్న ప్రాచీన ధాతువు. లాటిన్‌లో కడగడానికి ఉన్న క్రియ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే, ఆ లాటిన్ క్రియ నుంచి ‘లాండ్రీ’, ‘లావెటరీ’, ‘లోషన్’ వచ్చాయి. 17వ శతాబ్దంలో పరిగెత్తిన గుర్రం ఒంటి మీద తేలే చెమట నురగను ‘లాదర్’ అన్నారు. 19వ శతాబ్దానికి మనిషి ఆవేశపడి ఊగిపోవడానికీ అదే మాట వాడారు. సబ్బును చేత్తో రుద్ది, గడ్డం గీసుకునే బ్రష్‌తో చిలికి తెచ్చే చిక్కటి నురగ ‘లాదర్’. కావాలని తెచ్చుకునేది అది. ఉతుకు నీటి మీద దానంతట అదే తేలేది ‘సడ్స్’. మెషీన్ తయారుచేసినవాళ్ళు ఈ మాటను ఎంచుకోవడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. మిగిలిపోయి అడ్డుపడుతున్నదాని గురించే కదా అది ఫిర్యాదు చేసేది.

‘ఫోమ్’ అన్నింటికీ పనికొచ్చే మాట: సముద్రానికి, పాలకు, పరుపుకు కూడా. సంస్కృతంలోని ‘ఫేనం’ దీనికి దగ్గరి చుట్టం; రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవి. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రఫేనంలో ఉన్నది ఆ ఫేనమే. దీని గురించి పుటలు రాయవచ్చు కానీ మీరు అడిగింది అది కాదు.

ఒక్క పక్కమాట మాత్రం చెప్పకుండా ఉండలేను. కుంకుడు చెట్ల ప్రజాతికి శాస్త్రీయ నామం ‘సాపిండస్’. లాటిన్‌లో సబ్బును ‘సాపో’ అంటారు. దానికి భారతదేశపు పేరు చేర్చిన ఆ పేరును స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో స్థిరపరిచాడు. కుంకుడుకాయలో నురగనిచ్చే సాపోనిన్ల పేరూ ఆ ‘సాపో’ నుంచే వచ్చింది. తలంటు రోజు కళ్ళు మండుతుంటే ఏడ్చిన పిల్లలందరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

ఏకవచనం గురించి: ‘సడ్’ అని వ్యాసంలో రాయకండి. తెర మీద కనిపించేది కుదించిన సంకేతం. భాషలో ‘సడ్స్’ ఎప్పుడూ బహువచనమే, కత్తెరకూ పంట్లాముకూ ఉన్న ఇంగ్లీషు పేర్లలాగా. క్రియ కూడా బహువచనంలోనే రావాలి. అలాగని ‘మూడు సడ్స్’ అని లెక్కపెట్టలేరు. లెక్క కావాలంటే ‘బబుల్స్’ అనాలి. మొదట్లో అర్థం తికమక పడకుండా ‘సోప్‌సడ్స్’ అని పూర్తిగా రాయడం మేలు, ఆ రూపం కూడా నిఘంటువుల్లో ఉంది. ‘లాదర్’ మాత్రం ఏకవచనం, దాన్ని క్రియగా కూడా వాడవచ్చు. ‘సడ్స్’ను క్రియగా వాడటం అమెరికన్ ఇంగ్లీషులో కొంత ఉంది కానీ పరీక్షలో రాయకపోవడమే మంచిది.